తాడు లాగే మనిషి లేని తరిమెన

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వైపు వెళ్లేవాళ్లకు ఎత్తిపోతల తెలియకుండా ఉండదు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తునుంచి కిందికి దూకే చోటు అది. ఆ అంచు మీద నుంచి ఒక రాయి జారిందనుకోండి. గాలి అడ్డుకునే కాస్తను పక్కన పెట్టి లెక్క వేస్తే, కింద మడుగును తాకేసరికి దాని వేగం గంటకు సుమారు 73 కిలోమీటర్లు ఉంటుంది. అలాంటి రాయి కింద తల పెట్టి నిలబడమంటే మనలో ఎవరూ నిలబడరు.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒకాయన పాత మోటారు ఇరుసుకు 8 అంగుళాల వేప దిమ్మ బిగించి, గిన్నె తొలుద్దామని ఉలి పట్టుకుని కూర్చున్నాడు. మన దగ్గర వచ్చే కరెంటుకు మామూలు రెండు పోళ్ల మోటారు నిమిషానికి దాదాపు 2880 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన దిమ్మ అంచు వేగం గంటకు 110 కిలోమీటర్లు. దానికి ఆయన ముఖం జానెడు దూరంలో ఉంది. కళ్లకు ఉన్నది చత్వారానికి వాడే అద్దాలు. భుజం మీద తువ్వాలు, ముంజేతికి గుడిలో కట్టిన దారం.

ఈ మనిషి గురించే ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాను. ఆయన వడ్రంగి కాదు. ఉద్యోగం చేసి దిగిపోయిన మాస్టారు కావచ్చు, కరెంటాఫీసులో పనిచేసినాయన కావచ్చు, చదువుకుంటున్న కుర్రాడు కావచ్చు, పిల్లలకు లక్కపిడతలు తన చేత్తో చేసివ్వాలనుకున్న తల్లి కావచ్చు. చిన్న చిన్న లేత్ మిషన్లు ఇప్పుడు పార్సిల్లో ఇంటికి వచ్చేస్తున్నాయి. ఎలా తిప్పాలో ఫోనులో వీడియోలు చూపిస్తున్నాయి. చెక్క తిరుగుతుంటే, ఉలి సరైన కోణంలో ఆనితే, పొట్టు రిబ్బనులా జారిపోతుంటే, లోపలి చేవ రంగు మెల్లగా బయటపడుతుంటే కలిగే ఆనందం చాలా గొప్పది. బొంగరం, కవ్వం, పప్పుగుత్తి, అప్పడాల కర్ర, మంచపు కోడు, ఇవన్నీ మన ఇళ్లలో తరిమెన మీద, అంటే లేత్ మీద పుట్టినవే. ఈ పని ఇళ్లలోకి తిరిగి రావడం నాకు సంతోషం. ఎవరూ మానుకోవద్దు. వేళ్లూ కళ్లూ ఊపిరితిత్తులూ పోగొట్టుకోకుండా చేసుకోవాలన్నదే నా ఆరాటం.

ఇక్కడ ఏటికొప్పాక సంగతి చెప్పాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలు మీరు చూసే ఉంటారు. గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటాయి. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటితో తీసిన రంగులు లక్కలో కలిపి అద్దుతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సహజ రంగులను మళ్లీ నిలబెట్టడానికి ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు వాడేది అంకుడు కర్ర. మెత్తన, సన్నని పోగు, ఉలికి ఎదురు తిరగదు. ఏ కర్ర తిప్పాలో తరతరాల అనుభవం తేల్చిన ఎంపిక అది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేవదేరిన నల్లతుమ్మ మొద్దుతో మొదలుపెట్టకుండా ఇలాంటి మెత్తని కర్రతో మొదలుపెడితే సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది.

కరెంటు రాకముందు ఈ పని చేత్తో తిప్పే తరిమెన మీద సాగింది. ఇరుసుకు తాడు చుట్టి లాగితే చెక్క ఒకవైపు తిరుగుతుంది, రెండో కొస లాగితే ఇంకోవైపు. కొన్ని చోట్ల పనివాడే ఒక చేత్తో విల్లులాంటి కర్ర ఆడించుకునేవాడు. కొన్ని చోట్ల ఒకరు తాడు లాగితే మరొకరు ఉలి పట్టేవారు. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లే. ఉలి ఇరుక్కుంటే తాడు బిగుసుకునేది. గుడ్డ చిక్కుకుంటే లాగే మనిషి కంటికి కనపడేది, అమ్మో అన్న మాట చెవికి వినపడేది. లాగడం ఆగేది. చెక్క ఆగేది. అంటే ఆ పాత తరిమెనకు కళ్లూ చెవులూ ఉన్న స్విచ్చు ఒకటి ఉండేది. ఆ స్విచ్చు ఒక మనిషి.

శక్తి సంగతి కూడా చూడండి. రోజంతా కష్టపడే మనిషి నిలకడగా ఇవ్వగలిగింది సుమారు 75 వాట్లు. ఒక హార్స్ పవర్ మోటారు 746 వాట్లు. పదిమంది లాగే తాడు అన్నమాట. ఆ పదిమందికీ కళ్లు లేవు, చెవులు లేవు. మీ చొక్కా చెయ్యి చుట్టుకున్నా లాగుతూనే ఉంటారు. మోటారు వచ్చి పని తేలిక చేసింది, నిజమే. దాంతోపాటు తాడు లాగే మనిషిని అక్కడినుంచి పంపేసింది. ఆ మనిషి చేసిన కాపలా ఎవరు చేయాలి? కార్ఖానాలో అయితే పక్కన ఇంకో పనివాడు ఉంటాడు, మేస్త్రి ఉంటాడు. ఇంటి షెడ్డులో ఎవరూ ఉండరు. అందుకే అక్కడ ఆ కాపలాను కొంత యంత్రంలో, కొంత మన అలవాట్లలో, కొంత ఇంట్లోవాళ్లలో మళ్లీ నిలబెట్టుకోవాలి. నేను ఈ ప్రసంగంలో చెప్పేదంతా దీని చుట్టూనే.

ముందు వేగం. మోటారు ఇరుసుకు చెక్కను నేరుగా బిగించడం మన ఊళ్లలో చాలామంది చేస్తున్న పని. చూడటానికి సులువు, ఖర్చు తక్కువ. అదే అన్నిటికంటే ప్రమాదం. చెక్క తిప్పేవాళ్లు ప్రపంచమంతటా పాటించే ఒక లెక్క ఉంది. దిమ్మ అడ్డకొలతను అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చే అంకె 6000 నుంచి 9000 మధ్య ఉండాలి. మూడంగుళాల కర్రకు 2000 చుట్లు ఫరవాలేదు. 12 అంగుళాల పళ్లేనికి 500 నుంచి 750 చాలు. ఇందాక చెప్పిన 8 అంగుళాల దిమ్మను 2880తో గుణించండి. 23 వేలు దాటింది. అది గిన్నె తొలిచే వేగం కాదు, దిమ్మను బద్దలు కొట్టే వేగం. నాలుగు పోళ్ల మోటారు, అంటే 1440 చుట్లది తీసుకుని, మోటారుకు 3 అంగుళాల పుల్లీ, ఇరుసుకు 6 అంగుళాల పుల్లీ పెట్టి బెల్టు వేస్తే వేగం 720కి దిగుతుంది. 8 అంగుళాల గిన్నెకు అది సరిపోతుంది. ఇంకా పెద్ద పళ్లెం తిప్పాలంటే మోటారు పుల్లీ 2 అంగుళాలది వేసుకుంటే 480. బెల్టుకూ పుల్లీలకూ రేకు మూత తప్పదు. వేలు నలిగేది చెక్క దగ్గరే అనుకోకండి, పుల్లీ దగ్గర ఇంకా ఘోరంగా నలుగుతుంది.

ఆ లెక్క కూడా నాలుగువైపులా సమానంగా ఉన్న, గుండ్రంగా వచ్చిన చెక్కకే. గొడ్డలితో నరికిన మొద్దు ఒకవైపు బరువుగా, ఒకవైపు తేలికగా ఉంటుంది. దాన్ని మిషనులో ఉన్న అన్నిటికంటే తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. స్విచ్చు వేసేముందు చేత్తో ఒక చుట్టు పూర్తిగా తిప్పి, ఉలి ఆనించే కడ్డీకి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. చెక్కను పట్టే చక్కును బిగించిన తాళంచెవి దానికే వదిలేస్తే స్విచ్చు వేయగానే అది ఎగిరి వస్తుంది. టెయిల్‌స్టాక్ ఉన్నప్పుడు చెక్కను అవతలి వైపు నుంచి కూడా నొక్కి పట్టి ఉంచాలి, వీలైనంత సేపు. ఇరుసు చివరి పలకకు, అంటే ఫేస్‌ప్లేటుకు చెక్క బిగించేటప్పుడు జిప్సం సీలింగు పనికి వాడే నల్ల స్క్రూలు వాడకండి. అవి గట్టిగా ఉంటాయి, పెళుసుగానూ ఉంటాయి. అడ్డంగా గుంజితే పుటుక్కున తెగుతాయి. లావుపాటి అసలైన చెక్క స్క్రూలే వేయండి.

స్విచ్చు వేసే క్షణంలో ఎక్కడ నిలబడ్డారన్నది చాలా ముఖ్యం. చెక్క ఊడినా పగిలినా ఎక్కువగా తాను తిరిగే చక్రానికి ఎదురుగా ఉన్న గీత మీదనే ఎగురుతుంది. ఆ గీత నుంచి పక్కకు జరిగి స్విచ్చు వేయండి. కొద్దిసేపు అలాగే చూడండి. మిషను వణుకుతుంటే ఆపేయండి. స్విచ్చు కూడా ఆ గీత దాటి చెయ్యి చాపకుండా అందేచోట ఉండాలి. చాలా ఇళ్లలో అది మిషను వెనక గోడకు ఉంటుంది. అంటే ఆపాల్సి వచ్చినప్పుడు తిరిగే దిమ్మ మీదుగా వంగాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక్కపూటలో మార్పించుకోవచ్చు.

ముఖానికి పూర్తి పారదర్శకమైన షీల్డు పెట్టుకోండి, నుదుటి నుంచి గడ్డం దాకా. కళ్లద్దాలు మాత్రమే చాలవు. దెబ్బకు తట్టుకుంటుందని గుర్తున్న షీల్డు కొనండి. అమెరికా ప్రమాణం పాటించే సరుకులో జడ్ 87 ప్లస్ అనే ముద్ర ఉంటుంది, మన దగ్గర ఐఎస్ఐ గుర్తు చూడండి. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. షీల్డు పెచ్చులను ఆపుతుంది. మూడు కిలోల దిమ్మను ఆపదు. అంత బరువు వచ్చి తగిలితే షీల్డుతో పాటు ముఖ ఎముకలూ విరుగుతాయి. అందుకే షీల్డు ఉన్నా గీతకు పక్కన నిలబడటమే మొదటి కాపలా.

కర్ర ఎంపికలో మన పల్నాడుకు తగ్గ జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఊరి మధ్య వేపచెట్టు కొమ్మ కొట్టేస్తే ఆ మొద్దు ఎవరో ఒకరు తెచ్చుకుంటారు. ఆ చెట్టుకు ఎన్నికల బోర్డులు, ట్యూషన్ ప్రకటనలు, తోరణాల తాళ్లు కట్టడానికి ఎన్నేళ్లుగా ఎన్ని మేకులు కొట్టారో లెక్కలేదు. బెరడు పెరిగి వాటిని లోపలికి మింగేస్తుంది. పైకి ఏమీ కనపడదు. ఉలి ఆ మేకుకు తగిలిందంటే ఉలి ముక్కో మేకు ముక్కో ముఖం మీదకు వస్తుంది. కర్రలో నల్లటి, నీలం రంగు మచ్చ కనపడితే లోపల ఇనుము ఉందని అనుమానించండి. స్పీకరు నుంచి తీసిన బలమైన అయస్కాంతం మొద్దు మీద జరిపి చూడొచ్చు, లోతుగా ఉన్న మేకును మాత్రం అది పట్టకపోవచ్చు. రోడ్డు పక్క చెట్టు, గుడి ముందు చెట్టు, బడి ఆవరణలో చెట్టు అయితే నా మాట వినండి, వాటి కాండం వదిలేసి పై కొమ్మలు తీసుకోండి.

పగులు ఉన్న చెక్కను, పుచ్చిన చెక్కను, బెరడు లోపలికి మడతపడిన చెక్కను తిప్పవద్దు. పగులులో జిగురు పోసి తిప్పేయవచ్చని వీడియోల్లో చూపిస్తారు. వాళ్ల అనుభవం వేరు. మన ఎండలకు పచ్చి మొద్దు రెండు రోజుల్లో చివరల నుంచి విచ్చుకుంటుంది. కోసిన వెంటనే చివరలకు మైనమో పెయింటో పూసి నీడన పెట్టండి. అడవి కర్ర ఊసెత్తకండి. ఎత్తిపోతల చుట్టుపక్కల అడవి పులుల అభయారణ్యాన్ని ఆనుకుని ఉంది. చింత, నిద్రగన్నేరు, వేప, తుమ్మ, పొలం గట్ల మీద కొట్టేసినవే మనకు బోలెడు.

బట్టల విషయంలో కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది ప్రాణం తీసే విషయం. 2011 ఏప్రిల్‌లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని రాత్రివేళ వర్క్‌షాపులో ఒంటరిగా పనిచేస్తోంది. భౌతిక, ఖగోళ శాస్త్రాలు చదువుతూ, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న అమ్మాయి. లోహం తిప్పే లేత్ ఇరుసుకు ఆమె జుట్టు చుట్టుకుంది. ఊపిరాడక చనిపోయింది. గొప్ప విశ్వవిద్యాలయం, తెలివైన పిల్ల, పని తెలిసిన పిల్ల. పక్కన స్విచ్చు ఆపే మనిషి మాత్రం లేదు. ఆ వార్త తర్వాత ఎన్నో చోట్ల వర్క్‌షాపుల నిబంధనలు మారాయి. మన ఇంటి షెడ్డుకు ఏ నిబంధనా లేదు. మనమే పెట్టుకోవాలి.

ఎందుకు తప్పించుకోలేరో లెక్క చెబుతాను. ఏదైనా జరిగిందని గుర్తించి మనిషి చెయ్యి కదలడానికి పావు సెకను పడుతుంది. 1440 చుట్లు తిరిగే ఇరుసు ఆ పావు సెకనులో ఆరు చుట్లు తిరుగుతుంది. రెండంగుళాల కర్ర మీద ఆరు చుట్లంటే దాదాపు మీటరు పొడవు గుడ్డ చుట్టుకుపోతుంది. అమ్మో అనేలోపు మొత్తం కొంగు, దాని వెంట మెడ. చీర కట్టుకున్నవాళ్లు ఈ పని చేయదలచుకుంటే కొంగు నడుముకు బిగించడం చాలదు, దాని మీద చేతులు లేని బిగుతైన ఏప్రాన్ వేసుకోవాలి. చున్నీ తీసి అవతల పెట్టండి. జడను ముడేసి టోపీలోకి తొయ్యండి. మగవాళ్లు లుంగీ, తువ్వాలు, మెళ్లో కండువా లేకుండా, మోచేతి పైదాకా ఉండే చొక్కాతో నిలబడాలి. ఉంగరం, గాజులు, చేతి గడియారం తీసేయండి. మెడలో గొలుసు ఉంటే లోపలికి వేసి పైన గుండీ పెట్టండి.

ముంజేతి దారం గురించి చెప్పాలంటే నాకు కొంచెం బెరుకుగానే ఉంది. మొక్కు కట్టుకున్న దారం తీయడం చాలామందికి ఇష్టముండదు. అయినా చెబుతాను. చెక్క తిప్పే చేతికి దారం ఉండకూడదు. పని మొదలుపెట్టేముందు విప్పి దేవుడి దగ్గర పెట్టండి, పని అయ్యాక కట్టుకోండి. నూలు దారం తెగుతుందని ధైర్యం చెప్పుకోవద్దు, నాలుగు పేటల దారం తెగేలోపు మణికట్టు మెలిపడుతుంది. చేతికి గ్లౌజులు కూడా వద్దు. దెబ్బ తగలకుండా ఉంటుందని గ్లౌజు వేసుకుంటారు. తిరిగే చెక్క గ్లౌజును పట్టుకుంటే లోపలి వేళ్లతో సహా లాగేస్తుంది.

కరెంటు కోత. ఇది మన ఊళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం, విదేశీ పుస్తకాల్లో ఇంత గట్టిగా రాయరు. మిషను తిరుగుతుండగా కరెంటు పోతుంది. స్విచ్చు ఆపకుండా టీ తాగడానికి లేస్తాం. ఇంట్లో పిల్లవాడు వచ్చి ఆగిన చెక్కను నిమురుతాడు. లేదా మనమే చక్కు వదులు చేస్తూ ఉంటాం. సరిగ్గా అప్పుడు కరెంటు వస్తుంది. దీనికి ఉన్న ఉపాయం ఖరీదైనదేం కాదు. కరెంటు పోగానే తనంతట తాను ఆఫ్ అయిపోయి, మళ్లీ బొత్తాం నొక్కితే తప్ప మొదలుకాని స్టార్టరు దొరుకుతుంది. బోరు మోటారుకు రైతులు పెట్టుకునే పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం డబ్బా అలాంటిదే, ఆటో స్టార్టరు తగిలించనంతవరకు. అలాంటిది లేత్‌కు పెట్టించండి. దానితోపాటు సరైన ఎర్తింగు, షాకు కొడితే 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆపేసే బ్రేకరు. ప్రతిసారి చెక్క మార్చేముందు ప్లగ్గు పీకేసే అలవాటు.

ఉలి దగ్గరకు వద్దాం. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఉలి చెక్కలో గుచ్చుకుపోయి, ఎదురు తన్నినప్పుడు. ఉలిని ముందు కడ్డీ మీద ఆనించి, ఆ తర్వాతే చెక్కకు తాకించాలి. ఈ వరుస తప్పితే ఉలి పిడి వచ్చి ఛాతీకో దవడకో తగులుతుంది. కడ్డీ చెక్కకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చెక్క తరిగేకొద్దీ సందు పెరుగుతుంది, అప్పుడు మిషను ఆపి కడ్డీని దగ్గరకు జరపాలి. తిరుగుతుండగా జరపకూడదు. సందులో వేలు పడి నలిగిన వాళ్లు చాలామంది ఇలా జరపబోయిన వాళ్లే. మొద్దుబారిన ఉలిని బలంగా నొక్కాలి, నొక్కేకొద్దీ తన్నుతుంది. పదును పెట్టడం బద్ధకించవద్దు.

నిలువు కర్రను గుండ్రం చేయడానికి వాడే వెడల్పాటి గుల్ల ఉలి ఒకటుంది, రఫింగ్ గౌజ్ అంటారు. దాన్ని గిన్నె తొలవడానికి వాడకండి. దాని మెడ సన్నగా ఉంటుంది. గిన్నెలో చెక్క పోగు ఒక్కో చుట్టుకు రెండుసార్లు ఎదురు తిరుగుతుంది. ఆ దెబ్బలకు మెడ విరిగి ఉలి పలక ఎగురుతుంది. అంగట్లో సెట్టుగా కొన్నవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు. గిన్నెకు వేరే గౌజ్ ఉంటుంది, అదే వాడాలి. పాత ఆకురాయిని నూరి ఉలిగా చేసుకోవడం కూడా మన దగ్గర అలవాటు. ఆకురాయి ఉక్కు పెళుసు, ఒక్క దెబ్బకు ముక్కలవుతుంది. వద్దు.

ఆఖరున నునుపు చేసేటప్పుడు జాగ్రత్త సడలుతుంది. పని అయిపోయిందన్న ధీమా. ఉలి కడ్డీని పూర్తిగా తీసేసి, ఆ తర్వాతే ఉప్పు కాగితం పట్టాలి. కాగితాన్ని వేలికి చుట్టకూడదు. మెరుగు నూనె, మైనం పట్టించడానికి గుడ్డ వాడకూడదు. గుడ్డ అంచు చిక్కిందంటే చేతిని లాక్కుపోతుంది. కాగితపు తువ్వాలు అయితే చిరిగిపోతుంది. ఏటికొప్పాకలో లక్క కడ్డీని తిరిగే బొమ్మకు ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పడుతుంది. ఆ పైన ఎండిన మొగలి ఆకుతో నొక్కి మెరుపు తెస్తారు. చిన్న ఆకు ముక్క, వేలికి ముడి పడదు. నాకు ఆ పద్ధతి మీద ఎంతో గౌరవం. అవిసె నూనె వాడినవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ నూనెలో తడిసిన గుడ్డో కాగితమో ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. పక్కనే పొట్టు కుప్ప ఉంటుంది. అలాంటివాటిని నీళ్లలో ముంచి బయట పడేయండి.

ఇక కంటికి కనపడని దెబ్బ ఒకటుంది, చెక్క పొడి. ఇంగ్లండులో హై వికోంబ్ అనే పట్టణం కుర్చీల తయారీకి పేరుపడింది. ఆ చుట్టుపక్కల బీచ్ అడవుల్లో కుర్చీ కోళ్లు తిప్పి బతికేవాళ్లు తరతరాలుగా ఉండేవారు. ఆ ప్రాంతంలో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్. తన దగ్గరకు ముక్కు లోపల అరుదైన క్యాన్సరుతో వస్తున్నవాళ్లలో చెక్కపనివాళ్లే ఎక్కువని 1960ల్లో ఆమె గమనించింది. ఆ పరిశీలన చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాకా వెళ్లింది. 1995లో ఆ విభాగం చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఆ జబ్బు దశాబ్దాల పాటు పొడి పీల్చిన పనివాళ్లది. ఆదివారం పూట గంటసేపు చేసేవాళ్లు హడలిపోనక్కర్లేదు. కానీ దగ్గు, ఉబ్బసం, చర్మం మీద దద్దుర్లు అంతకాలం ఆగవు. టేకు, ఇరుగుడు పొడి కొందరి ఒంటికి పడదు. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది.

నేలమీద కనపడే పొట్టు వల్ల భయం లేదు. ఉప్పు కాగితం రుద్దినప్పుడు లేచే సన్నని పొడి గాలిలో గంటలపాటు తేలుతుంది. మిషను ఆపాక షీల్డూ మాస్కూ తీసేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంటూ ఊడవడం మొదలుపెడతాం. అప్పుడే ఎక్కువ లోపలికి పోతుంది. ఎన్ 95 మాస్కు ముక్కుకు బిగుతుగా పెట్టుకోండి, ఊడ్చేదాకా తీయకండి. మూతికి కట్టుకున్న తువ్వాలు సన్నని పొడిని ఆపదు. పైగా అది చుట్టుకునే గుడ్డ. గోడకు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి పొడిని బయటకు లాగించండి. నీళ్లు చిలకరించి ఊడవండి. మన పల్నాడులోనే దుర్గిలో రాతిమీద శిల్పాలు చెక్కేవాళ్లున్నారు, రాతి పొడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. చెక్క మెత్తనిది కదా అని దాని పొడిని తేలిగ్గా తీసుకోకండి.

ఇంత చేసినా దెబ్బ తగిలితే? పెద్ద ఆస్పత్రి మనకు దగ్గరలో లేదు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాట. అందుకే మొదటి పది నిమిషాల్లో ఇంట్లోవాళ్లు ఏం చేస్తారన్నదే ముఖ్యం. తెగిన చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. కాఫీ పొడి, పసుపు, సున్నం, పొగాకు ఏదీ పెట్టకూడదు. వాటివల్ల డాక్టరు గాయం కడగడానికే అరగంట పోతుంది, చీము కూడా పడుతుంది. కంట్లో పెచ్చు గుచ్చుకుంటే పీకకూడదు, నలపకూడదు, చుక్కలు వేయకూడదు. కన్ను మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి, అంటించి, నేరుగా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వేలు తెగి పడిపోతే ఆ ముక్కను మంచినీళ్లతో కడిగి, తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో పెట్టి తీసుకెళ్లండి. ఐసుకు నేరుగా తగిలితే కండ పాడవుతుంది. అలా జాగ్రత్తగా తీసుకెళ్లిన వేలును చాలాసార్లు మళ్లీ అతికించగలుగుతున్నారు. 108కి ఫోను చేయండి. మన రాష్ట్రంలో 2005 నుంచి ఉన్న సేవ అది. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరును అడగండి.

ఇప్పుడు మీ ఇంట్లో లేత్ ఉన్నా, కొనాలనుకుంటున్నా, ఈ ప్రసంగం విన్నాక ఒక్క పని చేయమని వేడుకుంటున్నాను. భార్యనో, భర్తనో, కొడుకునో, కోడలినో ఒకసారి షెడ్డులోకి పిలవండి. ఎర్ర బొత్తాం ఎక్కడుందో, మెయిన్ స్విచ్చు ఎక్కడుందో చూపించండి. వాళ్ల చేత రెండుసార్లు ఆపించండి. మనిషి చుట్టుకుపోయి కనపడితే ముందు మిషను ఆపాలని, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలని చెప్పండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మిషను వేయకండి. రాత్రి అందరూ పడుకున్నాక వేయకండి. నిద్రమత్తు వచ్చే మందు వేసుకున్న రోజు, మందు తాగిన రోజు అసలే వేయకండి. షెడ్డు తలుపు లోపలినుంచి గడియ పెట్టుకోకండి.